సవరణ: లిఫ్ట్ పంప్ ప్రెజర్ గురించి

పాత డీజిల్ ట్రక్కులకి ఎలక్ట్రిక్ లిఫ్ట్ పంప్ (ట్యాంక్ నుంచి డీజిల్ తెచ్చి ఇంజెక్షన్ పంపుకి అందించేది) మీద పెట్టిన పోస్టులో ‘ప్రెజర్ ఎక్కువ ఇచ్చే పంపే తీసుకోండి’ అన్నది బాష్ పీ7100 లాంటి ఇన్‌లైన్ ఇంజెక్షన్ పంప్ (డీజిల్‌ని ఎక్కువ ప్రెజర్‌తో ఇంజన్‌లోకి పంపేది) ఉన్నవాళ్లకే. దానికి 25 పీఎస్ఐ పైనే కావాలి. అదే ప్రెజర్ వీఈ లాంటి పాత రోటరీ పంపుకి ఇస్తే షాఫ్ట్ సీల్ పోయి డీజిల్ లీకవుతుంది, డీజిల్ ఇంజన్‌లోకి వెళ్లే టైమింగ్ కూడా మారిపోవచ్చు, కాబట్టి దయచేసి ముందు మీ ఇంజెక్షన్ పంప్ ఏదో చూసుకోండి. వీపీ44 అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పంప్ అయితే వేరే కథ, లోడ్ మీద కూడా 10 పీఎస్ఐ కంటే తగ్గనివ్వకండి, ఎందుకంటే దాన్ని చల్లబరిచేది ఆ డీజిలే. లిఫ్ట్ పంపుని ట్యాంక్ దగ్గరే, కిందగా బిగించండి. ఇంజన్ ఆగితే పంపూ ఆగేలా ఆయిల్ ప్రెజర్ స్విచ్, రిలే తప్పకుండా పెట్టండి.