కోడి ఎండిపోయేది ఓవెన్ వల్ల కాదు

ఇక్కడ అమెరికాలో థాంక్స్‌గివింగ్ సెలవులకు నాలుగు కుటుంబాలు ఒక ఇంట్లో కలిస్తే, టర్కీ పక్షి మరీ పెద్దదని కోడినే ముక్కలు చేయకుండా ఓవెన్‌లో పెట్టడం మనలో చాలామందికి అలవాటయింది. బల్ల మీదికి వచ్చేసరికి కోడి బంగారు రంగులో మెరుస్తుంది. లెగ్ పీసులు పిల్లలు పంచుకుంటారు. రొమ్ము మాంసం మాత్రం పీచు పీచుగా, నీళ్లు తాగితే తప్ప గొంతు దిగకుండా ఉంటుంది. ‘ఎంతైనా మన కూరే కూర’ అని ఎవరో అంటారు, మిగిలిన పళ్ళెం ఫ్రిజ్‌లోకి వెళ్తుంది. ఏటా ఈ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. తప్పు కోడిది కాదు, ఓవెన్‌దీ కాదు. కూర వండే పద్ధతిలోనే కోడిని కాలుస్తున్నాం.

కూరలో మాంసం కాస్త ఎక్కువ ఉడికినా పులుసు ఆదుకుంటుంది. పైగా మన చేతికి అలవాటైంది నాటుకోడి. అది చాలాసేపు ఉడికితేగాని లొంగదు. ఇక్కడి దుకాణంలో దొరికే బ్రాయిలర్ ఆరేడు వారాల లేత పిట్ట. దాని రొమ్ములో కొవ్వు బాగా తక్కువ. 165 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 74 సెల్సియస్ దాటిన కొద్దీ ఆ కండ బిగుసుకుపోయి, పిండిన గుడ్డలా లోపలి నీటిని వదిలేస్తుంది. తొడ సంగతి వేరు. అది 175 దాటితేనే మెత్తబడుతుంది. ఒకే కోడిలో ఈ రెండూ ఉన్నాయి కాబట్టే గడియారం చూసి కాలిస్తే కుదరదు.

తోలు తీయించడం మానేయాలి. అది మురికి అనే భావన మనకు నగరాల్లోని చికెన్ దుకాణాల నుంచి వచ్చిందని నా అభిప్రాయం. మా అమ్మమ్మ నాటుకోడి ఈకలు పీకి, మంట మీద నూగు కాల్చి, పసుపు పట్టించి, తోలుతోనే ముక్కలు కొట్టించేది. ఓవెన్ వేడిలో రొమ్ముకు ఉన్న ఒకే ఒక్క కప్పు ఆ తోలు. కోడిని కుళాయి కింద కడగడం కూడా వద్దు. ఆ నీళ్ల తుంపరలతో సూక్ష్మక్రిములు వంటగట్టంతా చేరతాయి. కాగితంతో తుడిస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యం ఉప్పు, అదీ ముందు రోజే. నాలుగు పౌండ్ల కోడికి మూడు చిన్న చెంచాల మెత్తని ఉప్పు లోపలా బయటా పట్టించి, మూత పెట్టకుండా ఫ్రిజ్ కింది అరలో ట్రేలో ఉంచండి. కొద్దిసేపటికి తోలు మీద చెమట పట్టినట్టు నీటి బొట్లు కనిపిస్తాయి. ఉప్పు లాగిన నీరు అది. కంగారు పడవద్దు. ఆ నీటిలోనే ఉప్పు కరిగి మళ్లీ కండలోకి ఇంకుతుంది, ఇంకాక కండ వేడిలోనూ నీటిని పట్టి ఉంచుతుంది. మర్నాడు వేలితో తాకి చూడండి, తోలు ఎండిన అప్పడంలా ఉంటుంది. అప్పుడు మిరియాలు, వెల్లుల్లి కలిపిన వెన్నను తోలు కిందికి దూర్చండి. పెరుగు మసాలా పైన దట్టంగా పూయడం నాకు ఇష్టం లేదు. లోపల ఉడికేలోగా అది మాడుతుంది, తోలు కరకరలాడదు.

ఫొటోకు నిండు కోడి అందంగా ఉంటుంది, నిజమే. కానీ నా మాట వింటే, కత్తెరతో వెన్నెముక తీసేసి కోడిని పుస్తకంలా పరచండి. తొడలకు వేడి బాగా తగిలి, అవి రొమ్ముతో పాటే సిద్ధమవుతాయి. 425 డిగ్రీల ఫారన్‌హీట్‌లో సుమారు ముప్పావు గంట పడుతుంది.

అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తాం. కోడికి ఆ మెతుకు థర్మామీటరే. ధర రెండు కోళ్లంత ఉంటుంది, అంతే. కత్తితో కోసి చూస్తే రసం కారిపోతుంది. రొమ్ములో బాగా లావుగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చండి. 160 చూపగానే బయటికి తీసి, పావుగంట ముట్టుకోకండి. లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే 165 వచ్చిందని మళ్లీ గుచ్చి చూసుకున్నాకే కోయండి. రాకపోతే ఇంకో అయిదు నిమిషాలు ఓవెన్‌లో పెట్టండి.

రొమ్మును ఎముక నుంచి విడదీసి, పీచుకు అడ్డంగా కోయాలి. ముక్క అంచున తడి మెరుస్తుంటే కుదిరినట్టే. ట్రేలో మిగిలిన రసాన్ని పారబోయకండి. అందులో నిమ్మకాయ పిండి, వేడి అన్నంలో కలిపి పెడితే మా ఇంట్లో పిల్లలు లెగ్ పీసు కన్నా ముందు ఆ గిన్నె అడుగుతారు. ఎముకలు, తీసిపెట్టిన వెన్నెముక ఆ రాత్రే నీళ్లలో మరిగించి పెట్టుకుంటే మర్నాటి మిరియాల చారుకు సరిపోతాయి.