గిటార్ గారి ఇంటిపేరు

బాగా చేసిన బేస్ గిటార్లను వాయించేవాళ్లు ఎందుకు పట్టించుకోరు అన్న విషయం మీద ఈ మధ్య నేనొక ఏకసభ్య కమిటీ వేశాను. ఆ ఏకసభ్యుణ్ని కూడా నేనే. గడువు రెండుసార్లు పొడిగించుకుని, బోలెడు టీ తాగి, చివరికి తేల్చిందేమిటంటే తప్పు వాయించేవాళ్లది కానే కాదు, ఆ గిటార్లు చేసేవాళ్లదే. మంచి చెక్క వెతుకుతారు, మెడ మీద అడ్డంగా ఉండే లోహపు ఫ్రెట్ల అంచులు వేలికి గుచ్చుకోకుండా నున్నగా అరగదీస్తారు, తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్‌కి తీగ జాగ్రత్తగా చుడతారు, ఇంత చేసి అసలు సంగతి మర్చిపోతారు. గిటార్ అన్నాక దానికో ఇంటిపేరు ఉండొద్దూ?

బేస్ సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. నాదస్వరం పక్కన ఒత్తు ఊదే ఆయన ఉంటాడు చూశారా, ఊదుతున్నంతసేపూ ఎవరికీ కనపడడు, ఆపితే మాత్రం పెళ్లిపందిరంతా ఏదో తేడా కొట్టిందని తలెత్తి చూస్తుంది. బ్యాండ్‌లో బేసిస్ట్ బతుకు కూడా దాదాపు అంతే. నాలుగు లావుపాటి తీగలు, పొడుగాటి మెడ, మామూలు గిటార్ కంటే ఒక స్థాయి కింద పలుకుతుంది, వినేవాళ్లలో చాలామందికి అది వినపడుతున్నట్టు కూడా తెలియదు. మరి జనానికి వినపడని వస్తువుని కనీసం కనపడేలా చెయ్యాలంటే ఏం దారి ఉంది, తల మీద పేరు తప్ప? కాబట్టి పేరు చూసి కొనేవాణ్ని తిట్టకండి, వాడి బాధ వాడిది.

మా బావ దగ్గర యమహా బేస్ ఉంది. 2011లో కొన్నాడు. ప్రతి ఆదివారం చర్చిలో వాయిస్తాడు (మన ఊళ్లలో బేస్ నేర్చుకోవాలంటే చర్చిని మించిన కాలేజీ లేదు, ఫీజు కూడా లేదు). ఇన్నేళ్లలో దాని మెడ వంగలేదు, కీలు వదులవలేదు, వాల్యూమ్ నాబ్ గరగరమనలేదు. ఏ గొడవా పెట్టదు కాబట్టే దాని వంక ఎవరూ చూడరు. "అన్నా, మంచి గిటార్ ఎప్పుడు కొంటావ్?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు, అదీ అతను అదే గిటార్ వాయించి కింద పెట్టిన ఐదు నిమిషాలకి. మా మామయ్యైతే కొన్న రోజే తేల్చేశాడు, "యమహా వాడు బండ్లు చేస్తాడు గదరా, గిటార్లేంటి?" అని.

మామయ్యది తప్పనడానికి లేదు. 1985 నుంచి 1996 దాకా తయారైన ఆర్‌ఎక్స్ 100 మన రోడ్ల మీద చేసిన చప్పుడు ముందు ఏ గిటార్ ఆనుతుంది? కానీ పాపం ఆ కంపెనీ పుట్టిందే సంగీతంలో. 1887లో జపాన్‌లోని హమమత్సులో తోరాకుసు యమహా అనే ఆయన ఒక స్కూల్లో పాడైన ఆర్గాన్ వాయిద్యం బాగుచేసి, ఇదేదో మనమే చెయ్యొచ్చు కదా అనుకుని ఒకటి తయారుచేసి, దాన్ని కావడి కట్టుకుని హకోనే కొండలు దాటి టోక్యోలోని సంగీత పాఠశాలకి మోసుకెళ్లాడు. వాళ్లు విని, శ్రుతి కుదరలేదన్నారు. ఆయన అలిగి బండ్ల వ్యాపారంలోకి దిగలేదు, నెల రోజులు అక్కడే ఉండి సంగీత పాఠాలు చెప్పించుకుని, వెనక్కెళ్లి ఇంకోటి చేశాడు. యమహా బండి మీద కనపడే గుర్తు ఏంటనుకున్నారు? మూడు శ్రుతిదండాలు. ఫిజిక్స్ ల్యాబ్‌లో రబ్బరు ముక్కకేసి కొట్టి చెవి దగ్గర పెట్టుకునేవాళ్లమే, అవే. బండి మీద శ్రుతిదండాలు ఎందుకురా అని ఒక్కడూ అడగడు, గిటార్ మీద బండి పేరేంటని మాత్రం ప్రతివాడూ అడుగుతాడు. 1977 నుంచి బీబీ అనే వరసలో ఆ కంపెనీ బేసులు చేస్తోంది, నేథన్ ఈస్ట్, బిల్లీ షీహన్ లాంటి పెద్ద బేసిస్టులు ఏళ్ల తరబడి యమహాలే వాయించారు. అయినా మామయ్య మాటే చెల్లింది.

ఇక్కడ ఒక చిన్న పిడకలవేట. మా వీధి మెకానిక్‌ని ఫెండర్ అంటే ఏంటని అడిగి చూడండి, కారు చక్రం పైన ఉండే రేకు అంటాడు. బండి పేరున్న గిటార్ పనికిరాదన్న కుర్రాళ్లే, బండి రేకు పేరున్న గిటార్ కనిపిస్తే దణ్ణం పెడుతున్నారు.

ఆ ఫెండర్ సంగతే కమిటీకి దొరికినవాటిలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం. కాలిఫోర్నియాలో ఫులర్టన్ అనే ఊళ్లో రేడియో రిపేరు షాపుతో మొదలైన లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. అంతకుముందు బేస్ అంటే మనిషెత్తు ఫిడేలు, మోసుకు తిరగడమే ఒక ఉద్యోగం. 1960లో జాజ్ బేస్ చేశాడు. ఇంతా చేసి ఆయనకి గిటార్ వాయించడం రాదు. 1965లో ఒంట్లో అస్సలు బాగోక, ఇంక ఎన్నాళ్లుంటానోలే అనుకుని, కంపెనీని కోటీ ముప్పై లక్షల డాలర్లకి అమెరికా రేడియో, టీవీ కంపెనీ సీబీఎస్‌కి అమ్మేశాడు. దాంతోపాటే ఇంటిపేరూ పోయింది. తర్వాత ఇంకో డాక్టర్ మందిచ్చాడు, రోగం తగ్గింది, మనిషి నిక్షేపంగా లేచి కూర్చున్నాడు, చూసుకుంటే పనితనం ఉంది, ఓపిక ఉంది, గిటార్ మీద రాసుకోవడానికి ఇంటిపేరు లేదు. మనలో ఇల్లరికం వెళ్లినవాడికి కూడా అంత కష్టం రాదు.

ఊరుకునే రకం కాదు. మ్యూజిక్ మ్యాన్ అనే కంపెనీలో చేరి 1976లో స్టింగ్‌రే బేస్ తెచ్చాడు. 1980కల్లా పాత నేస్తం జార్జ్ ఫులర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ పెట్టాడు. జీ అంటే జార్జ్, ఎల్ అంటే లియో. ఎఫ్ ఎక్కడుందని వెతక్కండి, లేదు. అందులో ఎల్-2000 అనే బేస్‌కి కొత్తరకం పికప్‌లు, మూడు బుల్లి స్విచ్‌లు, అటూ ఇటూ నొక్కితే ఒక్కోసారి ఒక్కో గిటార్‌లా పలుకుతుంది. నా జన్మలో చేసినవాటన్నిటిలో ఇవే మేలైనవని ఆయనే చెప్పుకున్నాడు. 1991లో చనిపోవడానికి ముందురోజు కూడా పనిలోకి వెళ్లాడంటారు. అన్నిటికంటే విచిత్రం, ఆ జీ అండ్ ఎల్ ఫ్యాక్టరీ ఉన్న వీధి పేరు ఫెండర్ అవెన్యూ. వీధికి ఉండొచ్చు, ఆ వీధిలో ఆ మనిషే కూర్చుని చేసిన గిటార్‌కి మాత్రం ఉండకూడదు. జనం ఏం చేశారంటారా? ఆయన లేని కంపెనీ గిటార్ల కోసం ఎగబడ్డారు. ఆయన స్వయంగా చేసినదాన్ని ఎగాదిగా చూసి, "అచ్చం దానిలాగే ఉందే, కాపీయా?" అన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని విన్నాం, ఇక్కడ వైద్యుడే పనికిరాకుండా పోయాడు.

మహానుభావులు వాయించిన గిటారే మనమూ వాయించాలి అనేవాళ్లున్నారు, వాళ్ల వాదన కూడా కమిటీ ఓపిగ్గా విన్నది. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ పట్టుకుని, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో, తీగలైనా మార్చకుండా ఏళ్ల తరబడి లాగించాడంటారు. అప్పట్లో రికార్డుల మీద ఆయన పేరు వేసేవారు కాదు, ఊరూ పేరూ లేకుండా వాయించి ఇంటికెళ్లిపోయేవాడు. ఇప్పుడు అదే మోడలు, అదే రంగు, అవే పాత తీగలు వెతికి కొనుక్కోవచ్చు, ఆ వేలు ఒక్కటే స్టాకు లేదు. బీటిల్స్ బ్యాండ్ బేసిస్ట్ పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో ఫిడేలు ఆకారం హోఫ్నర్ కంపెనీ బేస్ ఎందుకు కొన్నాడయ్యా అంటే, ఫెండర్‌కి డబ్బుల్లేవు, ఇది ముప్పై పౌండ్లకే వచ్చింది, పైగా రెండువైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఎడమచేతివాటానికి తిప్పి పట్టుకున్నా వికారంగా కనపడదు. ఆయన జేబు చూసుకుని కొన్నాడు, భక్తులు ఆయన్ని చూసి ఈఎంఐలో కొంటున్నారు.

మిసిసిపీలో హార్ట్లీ పీవీ అనే ఆయన కథ ఇంకోరకం. తుపాకుల చెక్కభాగం యంత్రాలతో చెక్కడం చూసి, గిటార్ మెడ కూడా అలాగే చెక్కొచ్చుగా అని 1970ల చివర్లో టీ-40 బేస్ చేశాడు. గట్టిది, చవకది, కాస్త బరువెక్కువ, మూడో పాటకల్లా భుజం గుర్తుచేస్తుంది. మిషన్ చేసినదాంట్లో ఆత్మ ఉండదన్నారు. ఇప్పుడు ఆ ఆత్మ ఉన్న కంపెనీలన్నీ మిషన్లతోనే చెక్కిస్తున్నాయి. కొరియా వాళ్ల కోర్ట్ కంపెనీదైతే మరీ అన్యాయం, ఇండోనేషియాలోని వాళ్ల ఫ్యాక్టరీలో వేరే పెద్ద పేర్లకి గిటార్లు చేసిపెడతారు, అవి అమ్ముడవుతాయి, సొంత పేరుతో చేసినవి షాపులో మూల నిలబడతాయి.

ఇన్ని చెప్పినా మా బావ కదల్లేదు. "అది కాదు బామ్మర్దీ, రేపు అమ్మాలంటే రీసేల్ ఉండాలిగా," అన్నాడు. పద్నాలుగేళ్లుగా అమ్మని గిటార్ గురించి ఈ మాట. బంగారం కొనేటప్పుడు మా అక్క తరుగెంత అని అడుగుతుంది, అర్థముంది, గాజులు రోజూ వాయించదు కదా. బావ ఏం చేశాడంటే, రెండొందలు పెట్టి ఒక గొప్ప ఇంటిపేరున్న స్టిక్కర్ తెప్పించి, యమహా అక్షరాల మీద నల్లరంగు పూసి, దానిమీద ఇది అంటించాడు. దత్తత కార్యక్రమం మా వంటింటి బల్ల మీదే జరిగింది, స్టిక్కర్‌ని సాసర్‌లో నీళ్లల్లో నానబెట్టి, మా అక్క జడపిన్నుతో బుడగలు పోయేలా నొక్కాడు. రెండో అక్షరం కొంచెం వంకర వచ్చింది. తల ఆకారం కూడా ఆ ఇంటివాళ్లది కాదు. నేను కమిటీ తరఫున పరిశీలకుడిగా కూర్చున్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు. "వందనాలన్నా! సౌండ్ ఎంత తేడా వచ్చిందో తెలుసా? ఏ సంవత్సరంది?"

"2011," అన్నాడు బావ, అబద్ధం ఆడకూడదు కాబట్టి.

"అదీ! అప్పటి చెక్క వేరే అన్నా, ఇప్పుడు అలాంటిది ఎక్కడొస్తోంది," అని ఫోన్ తీశాడు. బావ చొక్కా సర్దుకుని, గిటార్ గుండెలకానించుకుని, కొంచెం నవ్వాడు. సాయంత్రం వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. గిటార్ తల ఫుల్ క్లారిటీతో పడింది, బావ తల మెడ దగ్గరే కట్ అయిపోయింది.