బండి ఆయనది, చలానా మీది

ఈమధ్య కొందరు నిపుణులు బయల్దేరారు. సొంత కారు అమ్ముకునేవాళ్లకి జాగ్రత్తలు చెబుతున్నారు. కొనేవాడి ఆధార్ చూడాలట. ఒంటరిగా కలవకూడదట. తాళం చేతికిచ్చి పంపెయ్యకూడదట. డబ్బు ఖాతాలో పడ్డట్టు కళ్లారా చూసుకునేదాకా బండి కదలనివ్వకూడదట. ఇదంతా వింటుంటే బెజవాడవాడిగా నాకు ఒళ్లు మండుతోంది. ఇంటికొచ్చిన మనిషిని గుర్తింపు కార్డు అడగడమా? మనం గృహస్థులమా, ఎయిర్‌పోర్టు గేటు దగ్గర జవాన్లమా?

దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఒకటుంది, కాదనను. కానీ కృష్ణకి ఈ గట్టునా ఆ గట్టునా అంతకంటే పాత చట్టం ఒకటి అమల్లో ఉంది. దాని పేరు మొహమాటం. దానికి గెజిట్ లేదు, సవరణల్లేవు, అప్పీలు అసలే లేదు. ఈ రెండు చట్టాలకీ పేచీ వచ్చిన ప్రతిసారీ రెండోదే గెలుస్తోంది. ఇది ఎంత న్యాయమో నిరూపించడమే నా ఉద్దేశం.

ముందు గుర్తింపు సంగతి. మనవాళ్లు గుర్తింపు చూడరనడం అభాండం. చూస్తారు, ఆధార్ కంటే గట్టిగా చూస్తారు.

"ఏ ఊరండీ మనది?"

"తెనాలి పక్కనండి."

"పక్కనంటే?"

"కొల్లిపర."

"ఓర్నీ, మా తోడల్లుడిది కొల్లిపరేనండీ! ఇంతకీ ఇంటిపేరు?"

ఇంటిపేరు చెప్పగానే తనిఖీ పూర్తి. ఆ పేరు నిజమో కాదో తోడల్లుడికి ఫోన్ కొడితే తేలిపోతుంది. కొట్టరు, పొలం గట్టు తగాదా అయినప్పటి నుంచి ఆయనతో మాటల్లేవు. 'మనోళ్లే' అని తీర్పు వెలువడ్డాక ఇక కార్డు అడిగితే వంశానికే తలవంపులు. మోసగాళ్లు చదువుకున్నవాళ్లు, ఈ సంగతి వాళ్లకి తెలుసు. ఫోర్జరీ నేర్చుకునే శ్రమ పెట్టుకోరు. నాలుగు మండలాల పేర్లూ పది ఇంటిపేర్లూ కంఠస్థం చేస్తే గుంటూరు, కృష్ణా రెండు జిల్లాల్లో బతికెయ్యొచ్చు.

అదే కొనేవాడి శ్రద్ధ చూడండి, ముచ్చటేస్తుంది. వస్తూ వస్తూ ఆటోనగర్ నుంచి మెకానిక్‌ని వెంటబెట్టుకొస్తాడు. ఆ మెకానిక్ డోరు రబ్బరు పీకి వెల్డింగు చుక్కలు లెక్కపెడతాడు. బానెట్ బోల్టుల మీద రెంచి గీతలు వెతుకుతాడు. ఇంజన్ ఆన్ చేయించి, ఆయిల్ మూత తీసి పొగ చూస్తాడు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచెత్తిన దగ్గర్నుంచి ఇంకో పరీక్ష చేరింది. కార్పెట్టు ఎత్తి వాసన చూస్తాడు, సీటు బెల్టు చివరంటా లాగి బురద మరక ఉందేమోనని చూస్తాడు. "బుడమేరు బండి కాదు కదండీ?" అని మొహం మీదే అడుగుతాడు. మీరుండేది మొగల్రాజపురం కొండ మీదైనా సరే అడుగుతాడు. ఆయన్ని తప్పుపట్టను, లక్షలు పెట్టేవాడు అడగాల్సిందే. రెండు గంటలపాటు బండి జాతకమంతా తవ్విన ఆ మనిషి ఎవరో, ఏం చేస్తాడో, వాకిట్లో ఆపిన బైకు ఎవరిదో అడగడానికి మాత్రం ఇటువైపు నోరు పెగలదు. అంతా అయ్యాక ఇంటావిడ ఆయనకి రెండో విడత మజ్జిగ ఇస్తుంది.

ఇక టెస్ట్ డ్రైవ్. లైసెన్సు చూసి ఫొటో తీసుకోమంటారు నిపుణులు. పక్క సీట్లో మీరుండాలి, వెనక ఇంకొకరుండాలి, పట్టపగలు నలుగురూ తిరిగే చోటే తిప్పాలి, సీట్లు మారేటప్పుడు ఇంజన్ ఆపి తాళం మీ చేతిలో పెట్టుకోవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఆయన ఎంత ఆప్యాయంగా అన్నాడు! "బెంజిసర్కిల్ దాకా వెళ్లొచ్చేస్తానండి, ఈ ఎండలో మీరెందుకు శ్రమ?" అంత మాట అన్నాక పక్కన ఎక్కి కూర్చుంటే నువ్వు దొంగవి అన్నట్టే కదా. అంచేత గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతాం. బెంజిసర్కిల్ నుంచి ఒక రోడ్డు చెన్నైకి, ఒకటి కోల్‌కతాకి, ఇంకొకటి మచిలీపట్నానికి పోతాయన్నది మనకి అనవసరమైన భూగోళం.

డబ్బు దగ్గరికొస్తే, బండి చూడకుండానే కొనే మహానుభావులున్నారు. ఫోన్లో తాను సైనికుణ్ణని చెబుతాడు, యూనిఫాంలో ఫొటో పంపుతాడు, అడిగిన రేటుకి ఒప్పేసుకుంటాడు. బీసెంట్ రోడ్డులో జేబురుమాలుకి కూడా బేరమాడే ఊళ్లో బేరమాడని మనిషి తగిలితే అనుమానం రావాలి. మనకి ఆనందబాష్పాలొస్తాయి. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది. అది స్కాన్ చేసి పిన్ కొడితే అడ్వాన్సు పడుతుందంటాడు. యూపీఐ వచ్చింది 2016లో. అప్పట్నుంచి ఇప్పటిదాకా డబ్బు పుచ్చుకోవడానికి పిన్ ఎవరినీ అడగలేదు, పిన్ కొట్టామంటే ఇస్తున్నామనే అర్థం. అయినా సరిహద్దులో చలికి వణుకుతున్న జవానుని అనుమానించడానికి మనసెలా ఒప్పుతుంది? కొట్టేస్తాం. డబ్బు పోయాక వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్ము దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. మనం ముందు బావమరిదికి చేస్తాం. ఆయన "నేను అప్పుడే చెప్పాను" అని ముప్పావుగంట చెబుతాడు.

ఎదురుగా వచ్చి కొనేవాళ్లలో ఇంకో రకం ఉంది. ఆదివారం సాయంత్రం వస్తారు. పంపించానంటూ స్క్రీన్‌షాట్ చూపిస్తారు. మన ఖాతాలో పడకపోతే "సర్వర్ స్లోగా ఉందండీ, కాసేపట్లో పడుద్ది" అని వాళ్లే మనకి ధైర్యం చెబుతారు. బ్యాంకు తెరిచి ఉండే రోజున, బ్యాంకులోనే కూర్చుని ముగించుకోవచ్చు కదా అంటే, సోమవారం పొద్దున్నే ఏడున్నర నుంచి రాహుకాలం. ఇక నోట్ల కట్టలతో వచ్చేవాడున్నాడు. ఒక లావాదేవీలో రెండు లక్షలు, ఆ పైన నగదుగా పుచ్చుకోకూడదని 2017 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. కాదని పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు, అదీ పుచ్చుకున్నవాడికే. కానీ ఎదుటిమనిషి కట్ట చాచాక వద్దనడం ఏ మర్యాద?

ఇన్ని ఉన్నా మొహమాటం విశ్వరూపం చూపించేది కాగితాల దగ్గరే. బ్రోకరు బండి పేరు మార్పిడికి రెండు మూడు ఫారాలు తెస్తాడు, ఫారం 29, ఫారం 30 అని. పెన్సిల్‌తో ఇంటూ గుర్తులు పెట్టి ఉంటాయి. "గుర్తు ఉన్నచోటల్లా సంతకం పెట్టెయ్యండి. డేటు వెయ్యొద్దు, కొన్నవాళ్ల పేరు మేం రాసుకుంటాం" అంటాడు. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టమంటే తన్నడానికి లేచే మనిషి ఇక్కడ కళ్లజోడు కూడా పెట్టుకోకుండా పెట్టేస్తాడు. చట్టం ప్రకారం, రాష్ట్రంలోనే చేతులు మారిన బండి గురించి అమ్మినవాడు 14 రోజుల్లోగా ఆర్టీఓకి తెలియజెయ్యాలి, కొన్నవాడు 30 రోజుల్లోగా పేరు మార్చుకోవాలి. చట్టం పాపం ఇంగ్లీషు క్యాలెండరు చూసి రాశారు. ఇక్కడ ముందు ఆషాఢం వస్తుంది. తర్వాత మూఢం వస్తుంది. ఆ తర్వాత "బండి అమ్మాయి పేరు మీద పెడదామనుకుంటున్నాం, సంబంధం కుదరనివ్వండి" అంటారు. గట్టిగా అడిగితే పెళ్లి చెడగొట్టినవాళ్లమవుతాం.

బండి ఏ తేదీన, ఎన్నింటికి అప్పజెప్పామో కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, ఆయన కార్డు నకలు ఒకటి ఉంచుకోమంటారు. తమాషా ఏమిటంటే ఆ సమయం నిమిషాలతో సహా మనకి ముందే తెలుసు. పంచాంగం చూసి పెట్టిందే మనం. వర్జ్యం దాటి నాలుగు నిమిషాలకి తాళం ఇస్తాం. దాన్నే డెలివరీ నోటు మీద రాయమంటే "ఎందుకండీ అంత పట్టింపు" అని సిగ్గుపడతాం.

ఈ వ్యవహారంలో సుప్రీంకోర్టుకి మొహమాటం బొత్తిగా లేదు. 2018 ఫిబ్రవరిలో ఒక కేసు తేల్చింది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అక్కడి నుంచి అది చేతులు మారుతూ పోయింది, రికార్డులో పేరు మాత్రం మారలేదు. 2009లో ప్రమాదం జరిగింది. రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, పరిహారం బాధ్యతా వాళ్లదే అంది కోర్టు. నేను రెండేళ్ల కిందటే అమ్మేశానన్న ఆయన మాట నిలవలేదు. కోర్టువారు ఒకసారి బెజవాడ వచ్చి మా గుమ్మంలో కూర్చుని ఉంటే ఇంత కఠినంగా మాట్లాడేవారు కాదేమో.

అయినా పేరు మార్చకపోవడంలో ఉన్న లాభాలు ఎవరూ రాయరు. అమ్మేసిన బండితో బంధం తెగదు. ఫాస్టాగ్ మూయించలేదు కాబట్టి అది కాజ టోల్‌గేటు దాటినా, కీసర దాటినా, పొట్టిపాడు దాటినా మన ఫోను మోగుతుంది. సొంత కొడుకు హైదరాబాదు చేరినప్పుడు మెసేజ్ పెట్టడు, ఇది పెడుతుంది. పైగా డబ్బులు మన ఖాతాలోంచే కట్ అవుతాయి కనుక బాధ్యత తీర్చిన తృప్తి. సిగ్నల్ దాటినప్పుడల్లా చలానా వస్తుంది, ఫొటోతో సహా. బంపర్ సొట్ట తీయించారో లేదో చూసుకోవచ్చు. సీటు బెల్టు పెట్టుకోని ఆ డ్రైవరు కొల్లిపర పెద్దమనిషి కాదు, మనమెన్నడూ చూడని ఎవరో కుర్రాడు. పెద్దమనిషికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

అలా కొన్నాళ్లు గడిచాక ఒకరోజు కొత్త నంబరు నుంచి ఫోనొస్తుంది. "నమస్తేనండీ, చిలకలూరిపేట నుంచి మాట్లాడుతున్నాను. మీ బండి నా దగ్గరుందండి, నాది నాలుగో చెయ్యి. మంచి బేరమొచ్చింది, ఇచ్చేద్దామనుకుంటున్నా. సీ-బుక్కులో పేరు ఇంకా మీదే ఉంది గదా, పాత ఫారాలు ఎక్కడో పోయినియ్. ఓసారి ఇటొచ్చి సంతకం పెట్టెళ్లండి సార్, పెన్సిలు గుర్తులన్నీ పెట్టి రెడీగా ఉంచాం."