దిష్టి చుక్కలో సీసం

మా బాబు పురుటికి అత్తగారు గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చినప్పుడు, పెట్టెలో ఆవకాయ సీసాల మధ్య ఒక చిన్న కాటుక డబ్బీ కూడా వచ్చింది. దాని మీద పేరు లేదు, ఊరు లేదు. పిల్లాడి కళ్ళకి, బుగ్గకి, అరికాలికి పెట్టబోతుంటే వద్దన్నాను. "మీ ఆయన్ని ఇదే పెట్టి పెంచాను. వాడికేమైందిట?" అన్నారు. ఆ ప్రశ్నకి నా దగ్గర చాలా జవాబులున్నాయి గానీ అప్పుడు ఒక్కటీ చెప్పలేదు.

ఇలాంటి కాటుకల్లో సీసం, అంటే లెడ్, ఉండొచ్చు. సీసంతో చిక్కే అది. ఏమైందో పైకి తెలియదు. జ్వరం రాదు, దద్దుర్లు రావు. చదువు మీద, ధ్యాస మీద మెల్లగా దెబ్బ కొడుతుంది. పిల్లల రక్తంలో ఇంతవరకూ ఉంటే ఫరవాలేదు అనే హద్దే లేదని ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మింగిన సీసాన్ని పసివాళ్ళ ఒళ్ళు పెద్దవాళ్ళకంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. నాలుగైదు నెలలొస్తే పిల్లాడు కళ్ళు నులిమిన వేలూ నోట్లో పెట్టుకుంటాడు, చుక్క పెట్టిన కాలూ నోట్లోనే పెట్టుకుంటాడు.

కాటుకలన్నిటిలో సీసం ఉంటుందని కాదు. ఆముదం దీపం మసి పట్టి చేసింది వేరు, సుర్మా రాయి నూరి చేసింది వేరు. ఆ రాయి చాలాసార్లు గెలీనా, అంటే లెడ్ సల్ఫైడ్. రెండూ నలుపే కాబట్టి డబ్బీ మూత తీసి చూస్తే ఏదేమిటో తెలియదు. "నేచురల్" అన్న మాటకీ అర్థం లేదు, సీసం కూడా భూమిలోంచి వచ్చేదేగా! సంప్రదాయ కాటుకని, సుర్మాని ఇక్కడ ఆహారం, మందులు, కాస్మెటిక్స్ సంగతి చూసే ఎఫ్‌డీఏ కాస్మెటిక్స్‌లో వాడే రంగుగా ఒప్పుకోలేదు, దిగుమతి సరుకుగా వస్తే ఆపుతుంది. అత్తగారి పెట్టెని ఎవరు ఆపుతారు?

కుంకుమ సంగతీ అంతే. పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడుతుంది, పాత కుంకుమ అదే. ఆంజనేయస్వామి సింధూరంలో ఆ నారింజ రంగు మాత్రం చాలాచోట్ల రెడ్ లెడ్ అనే సీసపు పొడి వల్ల వచ్చేది. 2017లో రట్గర్స్ యూనివర్సిటీ పరిశోధకులు 118 సింధూరం పొడుల్లో సీసం ఎంతుందో పరీక్షించారు. వాటిలో 95 మన న్యూజెర్సీ షాపుల్లోనే కొన్నవి. ఆ 95లో దాదాపు అయిదో వంతు, ఎఫ్‌డీఏ పెట్టిన గ్రాముకి 20 మైక్రోగ్రాముల హద్దు దాటాయి.

"షాపులో అమ్ముతున్నారంటే ఎవరో పరీక్షించే ఉంటారులే" అనుకుంటాం. అమ్మే ముందు ప్రభుత్వం తరఫున ఎవరూ పరీక్షించరు. ఇక్కడ కాస్మెటిక్స్‌ని 1938 నాటి చట్టంతోనే నెట్టుకొచ్చారు. ప్రమాదకరమని తేలినా, వెనక్కి తీసుకోమని కంపెనీని ఆదేశించే అధికారం ఎఫ్‌డీఏకి 2022 డిసెంబరులో వచ్చిన మోక్రా అనే కొత్త కాస్మెటిక్స్ చట్టంతో గానీ రాలేదు. అమ్మకానికి పెట్టే ముందు అనుమతి ఇప్పటికీ అక్కర్లేదు, రంగులకి తప్ప.

ఇక తెల్లబడే క్రీములు. 2023లో కేరళలోని మలప్పురంలో కిడ్నీలు దెబ్బతిని వచ్చినవాళ్ళని డాక్టర్లు ఆరా తీస్తే, చాలామంది పాదరసం ఉన్న ఫెయిర్‌నెస్ క్రీములు రాసుకున్నవాళ్ళని తేలింది. పెళ్ళికని ఇండియా వెళ్ళొస్తూ అలాంటివి తెచ్చుకునేవాళ్ళు మనలో లేరా?

మన తెలుగు సంఘం దగ్గర నేనడిగేది పెద్ద పనేమీ కాదు. ఉగాదికి, బతుకమ్మకి స్టాల్ ఇచ్చేముందు సమోసాలవాళ్ళని ఫుడ్ పర్మిట్ అడుగుతున్నాం. కాటుక, కుంకుమ, క్రీములు పెట్టేవాళ్ళని తయారీదారు పేరు, అందులో ఏమున్నాయో రాసిన లేబుల్ అడుగుదాం. లేబుల్ ఉంటే చాలని కాదు, అది కూడా లేనిదాన్ని మన బల్ల మీద ఎందుకు పెట్టాలి? కోపాలొస్తాయి, తెలుసు. మా ఇంట్లోనే వచ్చింది.

నాలుగో రోజుకి అత్తగారే మెత్తబడ్డారు. సగ్గుబియ్యం మాడ్చి వాళ్ళమ్మ చేసే చాదు గుర్తొచ్చిందట. కళ్ళకి వద్దు, బుగ్గకి ఒక్క చుక్కే అని ఒప్పందం. మూకుడు ఎలక్ట్రిక్ పొయ్యి మీద పెట్టారు. పది నిమిషాల్లో ఇంట్లో స్మోక్ అలారాలన్నీ ఒకేసారి మోగాయి, పిల్లాడు మాత్రం లేవలేదు.