మహారాజశ్రీ ఎంవీ కమాండ్ గారికి బహిరంగ లేఖ

లైనక్స్‌లో ఫైళ్లను చోటు మార్చే, పేరు మార్చే కమాండ్ అయిన మహారాజశ్రీ ఎంవీ (mv) గారి సముఖానికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గానీ, ఇటువైపు కుశలం లేదు. నిన్న ఓ కాలేజీ ల్యాబ్‌లో, రికార్డు సబ్మిషన్‌కి కాస్త ముందు, ఒక ఫస్టియర్ అమ్మాయి మూడు సి ప్రోగ్రాములు తమరి చేతిలో పెట్టింది. తమరు ఒక్కటి తిరిగిచ్చారు.

ఆ పిల్ల కొట్టింది ఇంతే: ఎంవీ ల్యాబ్1.సి బ్యాకప్. ఆ తర్వాత ల్యాబ్2.సి, ఆపైన ల్యాబ్3.సి, అదే వరసలో. బ్యాకప్ అనే డైరెక్టరీ, అంటే ఫోల్డర్, ఉందనుకుంది. లేదు, డైరెక్టరీని తయారుచేసే ఎంకేడీఐఆర్ కొట్టడం మరిచింది. "అలాంటిదేం లేదమ్మా" అని తమరు ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనకపోగా, మొదటి ఫైలుకే బ్యాకప్ అని నామకరణం చేశారు. రెండోది రాగానే మొదటిదాన్ని సాగనంపి ఆ పేరు దీనికిచ్చారు. మూడోది వస్తే రెండోదానికీ అదే గతి. మూడుసార్లూ, తర్వాతి కమాండ్ ఏదని అడిగే ప్రాంప్ట్ బుద్ధిగా వచ్చి నిలబడింది. తమరి భాషలో అంటే పని దిగ్విజయంగా జరిగిందని! లోపలికి వెళ్దామని సీడీ బ్యాకప్ కొడితే అది డైరెక్టరీయే కాదని తేలింది. ఆ సంగతి చెప్పింది కూడా మనం కొట్టిన కమాండ్లు అందుకునే షెల్లే, తమరు కాదు.

ఇంకో విడ్డూరం. ఆ మూడు ఫైళ్లనూ ఒకే లైన్లో ఇచ్చి చివర బ్యాకప్ అని రాసి ఉంటే, చివరిది డైరెక్టరీ కాదంటూ తమరే మొండికేసేవారు. ఒక్క ఫైలూ పోయేది కాదు. అంటే జాగ్రత్తగా ఒక్కొక్కటే పంపినవాళ్లకి శిక్ష, గంపగుత్తగా తోసినవాళ్లకి రక్షణ. ఇక డైరెక్టరీలో సరిగ్గా రెండే సి ఫైళ్లున్నప్పుడు "ఎంవీ స్టార్ డాట్ సి" (అంటే సి ఫైళ్లన్నీ) అని కొట్టి, ఎక్కడికో రాయడం మరిచామా, అంతే సంగతులు. ఆ స్టార్‌ని షెల్ ముందే రెండు పేర్లుగా విప్పేస్తుంది, తమరికి కనబడేది మూలం, గమ్యం. మొదటిది వెళ్లి రెండోదాని మీద కూర్చుంటుంది. రెండోది ఏ ట్రాష్‌లోనూ ఉండదు.

లైనక్స్‌కి పూర్వీకుడైన యూనిక్స్ వారి 1971 నవంబరు నాటి తొలి మాన్యువల్లోనే తమరున్నారు. అప్పటి టెలిటైప్ సెకనుకి 10 అక్షరాలు కాగితం మీద కొట్టేది, కాబట్టి మితభాషణం మర్యాదే. ఇప్పుడు ఎవరి కాగితం మిగులుస్తున్నారండీ?

పోనీ అడగడం చేతకాదా అంటే, వచ్చు! గమ్యం ఫైలుకి 444 పర్మిషన్ ఉంటే, రాసే హక్కు లేని ఫైలు కదా, మార్చమంటారా అని టెర్మినల్లో అడుగుతారు. యజమాని రాయగలిగే మామూలు 644 ఫైలైతే మాట్లాడకుండా మింగేస్తారు. తాళం వేసిన గది తలుపే తడతావన్నమాట. తడితే అన్నిచోట్లా తట్టు!

నీ పేరు పక్కన మైనస్ ఐ (-i) ఇస్తే అడుగుతావు. మైనస్ ఎన్ ఇస్తే ఉన్నదాని జోలికి పోవు. మైనస్ వీ ఇస్తే దేన్ని ఏం చేశావో చెబుతావు. లైనక్స్‌లో మైనస్ బి ఇస్తే పాతదాని పేరు చివర టిల్డా (~) తగిలించి దాచిపెడతావు కూడా. ఇన్ని మంచి బుద్ధులు పెట్టుకుని, అడక్కపోతే ఒక్కటీ బయటికి తీయవు. నిన్న లైనక్స్ మొదలుపెట్టిన పిల్లకి మైనస్ ఐ సంగతి ఎలా తెలుస్తుందయ్యా? ఫైళ్లను చెరిపేసే ఆర్‌ఎం నయం. దాని పేరు చెబితేనే అందరికీ దడ, రెండుసార్లు చూసుకుని ఎంటర్ కొడతారు. నువ్వు "జరుపుతాను" అని చెప్పి చెరుపుతావు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. డిస్కులో ఒకే పార్టిషన్ (డిస్కు భాగం) లోపలైతే 40 జీబీ వీడియోనైనా నువ్వు చిటికెలో జరుపుతావు, ఎందుకంటే డేటా కదలదు, డైరెక్టరీలో పేరు మాత్రమే మారుతుంది. పాతదాని స్థానంలో కొత్తది ఒక్క దెబ్బకి వచ్చి కూర్చునే ఆ గుణం వల్లే, ఎన్నో ప్రోగ్రాములు ముందు తాత్కాలిక ఫైలు రాసి ఆనక అసలు పేరుకి మారుస్తాయి. మధ్యలో కరెంటు పోయినా సగం రాసిన ఫైలు అసలు పేరుతో మిగలకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. ప్రోగ్రాములకి అది వరమే. చేత్తో టైపు చేసే మనిషికి ఎందుకు పెట్టావు ఆ శాపం?

కొత్తవాళ్లు షెల్ సెట్టింగుల ఫైలైన బాష్ఆర్‌సీలో నీకు మైనస్ ఐ తగిలించి ఏలియాస్ (మారుపేరు) పెట్టుకోవచ్చు. కానీ స్క్రిప్టుల్లో అది పనిచేయదు, వేరే మిషన్లో అసలే ఉండదు. అంతకన్నా గమ్యం చివర స్లాష్ పెట్టడం మేలు. బ్యాకప్ స్లాష్ అని రాస్తే, ఆ డైరెక్టరీ లేనప్పుడు ఫైలుకి ఆ పేరు పెట్టలేవు, ఎర్రర్ ఇచ్చి తీరాలి. ఉన్న డైరెక్టరీలో అదే పేరుతో మరో ఫైలుంటే మాత్రం దాన్ని మింగేస్తావు, అక్కడ మళ్లీ మైనస్ ఐయే గతి.

తా.క. ఈ లేఖ నకలు ఫైళ్లను కాపీ చేసే సీపీ గారికి కూడా పంపడమైనది. ఉన్న ఫైలు మీద అడక్కుండా రాసేయడంలో ఆయనా తక్కువేం కాదు. కాకపోతే తెచ్చిన ఫైలుని తెచ్చినచోటే ఉంచే సంస్కారం ఆయనకుంది.