మాట్లాడని రిస్పా, కదిలిన రాజు

హెబ్రీ లేఖనాల్లో (బైబిలు పాత నిబంధనలో) రిస్పా రెండు సందర్భాల్లోనే కనిపిస్తుంది, రెండింటిలోనూ ఆమె నోట ఒక్క మాటా లేదు. సమూయేలు రెండవ గ్రంథం 3వ అధ్యాయంలో ఆమె ఇశ్రాయేలు మొదటి రాజు సౌలు ఉపపత్ని. ఆమెతో సంబంధం పెట్టుకున్నావంటూ సౌలు కుమారుడు ఇష్బోషెతు సేనాధిపతి అబ్నేరును నిలదీస్తాడు. రాజు ఉపపత్నిని చేపట్టడమంటే సింహాసనంపై కన్నువేయడమేనని భావించే కాలం కాబట్టి, అది అధికారం కోసం సాగిన తగవు. ఆమె అభిప్రాయం ఎవరూ అడగలేదు.

అసలు కథ 21వ అధ్యాయంలో ఉంది. మూడేళ్ల కరువుకు కారణం ఇశ్రాయేలీయుల మధ్య బతికిన అన్యజాతి గిబియోనీయులను సౌలు చంపించడమేనని తెలిశాక, వారు కోరినట్టే, సౌలు తర్వాత రాజైన దావీదు సౌలు సంతతిలో ఏడుగురిని అప్పగించాడు. వారిలో ఇద్దరు, అర్మోని, మెఫీబోషెతు, రిస్పా కన్నబిడ్డలు. యవల కోత మొదలైన రోజుల్లో ఏడుగురినీ కొండమీద ఉరితీశారు. ఆమె బండపై గోనెపట్ట పరచుకొని, వానలు కురిసేదాకా పగలు పక్షులనూ రాత్రి అడవి మృగాలనూ శవాల దరికి రానివ్వలేదు. ఆ దేశంలో యవల కోత వసంతంలో వస్తుంది, వానాకాలం శరత్తులో మొదలవుతుంది. గ్రంథం చెప్పేది ఆ వానల గురించే అయితే, ఆ కాపలా నెలల తరబడి సాగి ఉండాలి.

ప్రసంగాల్లో దీన్ని మాతృప్రేమగా చెప్పి ముగిస్తుంటారు. అది చాలదని నా అభిప్రాయం. వ్రేలాడదీసిన శవాన్ని రాత్రంతా ఉంచకుండా ఆనాడే పాతిపెట్టాలని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం శాసిస్తోంది. అంటే రాజు అనుమతితో జరిగిన శిక్ష ధర్మశాస్త్రాన్నే మీరింది, ఆ సంగతిని అందరి కళ్లెదుటా నిలిపినది ఆమె కాపలా. ఆమె చేసిన పని విన్నాకనే దావీదు యాబేష్గిలాదు ఊరి నుంచి సౌలు, అతని కుమారుడు యోనాతానుల ఎముకలు తెప్పించి, ఏడుగురి ఎముకలూ సేకరింపజేసి, సౌలు తండ్రి కీషు సమాధిలో సౌలునూ యోనాతానునూ పాతిపెట్టించాడు. వాన ప్రస్తావన అంతకు ముందే వచ్చిన మాట నిజమే. అయినా దేశం కోసం చేసిన మనవిని దేవుడు ఆలకించాడన్న వాక్యాన్ని గ్రంథకర్త ఏడుగురి మరణం వెంట కాక, ఈ ఖననం జరిగిన తర్వాతనే రాశాడు. రక్తానికి రక్తం చెల్లిస్తే కరువు తీరుతుందన్న రాజు లెక్కను గ్రంథం పూర్తిగా సమర్థించలేదనే నేను చదువుతాను.

మిగిలిన ఐదుగురి తండ్రి అద్రీయేలు, తల్లి సౌలు కుమార్తె. హెబ్రీ ప్రతుల్లో ఎక్కువ భాగం ఆమెను మీకాలు అంటాయి, కొన్ని ప్రతులు మేరబు అంటాయి. అద్రీయేలు భార్య మేరబు అని సమూయేలు మొదటి గ్రంథమే చెబుతున్నది, మీకాలు చనిపోయేదాకా పిల్లలను కనలేదని రెండవ గ్రంథం చెబుతున్నది గనుక, మేరబు అన్న పేరే సరైనదిగా తోస్తుంది. ఆ తల్లి ఆ కొండమీద ఉందో లేదో గ్రంథం చెప్పదు.