స్ట్రోబ్‌లో ఏ సెల్స్ వేయాలి? ఒక వదినామరుదుల వాదోపవాదం

మా తమ్ముడికి విశాఖలో ఉద్యోగం. రుషికొండ దగ్గర స్కూబా నేర్చుకున్నాక వాడికి నీళ్ళ కింద ఫొటోలు తీసే పిచ్చి పట్టింది. ఈమధ్యే రెండు స్ట్రోబ్‌లు కొన్నాడు. నీటిలో వాడే ఫ్లాష్‌లన్నమాట, ఒక్కోదానిలో నాలుగేసి ఏఏ సైజు సెల్స్ పడతాయి. వచ్చే నెల అండమాన్ ప్రయాణం. ఏ సెల్స్ కొనాలి, ఏ ఛార్జరు పట్టుకెళ్ళాలి అన్నదాని మీద వాడికీ మా ఆవిడకీ ఫోన్లో రోజూ గొడవే. బరంపురం గేట్ బజార్‌లో మా ఫొటో స్టూడియో నడిపేది మా ఆవిడే. పెళ్ళిళ్ళ సీజన్లో ఫ్లాష్‌ల సెల్స్ అన్నీ ఆవిడ చేతుల మీదుగానే వెళ్ళాలి. ఆదివారం వాడు ఇంటికొచ్చాడు. ఘుగుని, ఉప్మా అయ్యాక ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఈరోజు తేల్చుకోండి అన్నాను. నేను నోరు పెట్టిన చోట్లు బ్రాకెట్లలో ఉన్నాయి.

మరిది: ముందు నా మాట వినండి వదినా. పెళ్ళిలో ఫ్లాష్ వెలగకపోతే తలంబ్రాలు ఇంకోసారి పోయమంటే పోస్తారు. చేప అలా ఆగదు. ఒక ఫ్లాష్ కొట్టాక లోపలున్న కెపాసిటర్, అంటే ఫ్లాష్‌కి కావలసిన కరెంటు నిలవ చేసే భాగం, మళ్ళీ మూడొందల వోల్టుల దాకా నిండాలి, అది ఎంత త్వరగా నిండితే అంత త్వరగా రెండో ఫొటో. సెల్ వోల్టేజి ఎక్కువుంటే పని వేగంగా అవుతుంది. ఇవి చూడండి, నికెల్ జింక్ రకం రీఛార్జబుల్ సెల్స్. ఒక్కోటి 1.6 వోల్టులు. మీ నికెల్ మెటల్ హైడ్రైడ్ 1.2 మాత్రమే. పైగా దీని మీద 2500 అని ఉంది, మీరు వాడే ఎనెలూప్ బ్రాండు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ మీద 2000.

వదిన: ఇటివ్వు, కళ్ళజోడు పెట్టుకోనీ. 2500 పక్కన ఏం రాసుందో చదివావా?

మరిది: ఎమ్ఏహెచ్.

వదిన: సరిగ్గా చూడు. ఎమ్‌డబ్ల్యూహెచ్. మిల్లీయాంప్ అవర్ కాదు, మిల్లీవాట్ అవర్. 2500ని 1.6తో భాగించు, మిల్లీయాంప్ అవర్లు వస్తాయి.

మరిది: 1560 చిల్లర.

వదిన: ఇప్పుడు నా 2000ని 1.2తో హెచ్చవెయ్యి. 2400 మిల్లీవాట్ అవర్లు. రెండిట్లో ఉన్న సరుకు ఇంచుమించు ఒక్కటే, నీకు అంకె పెద్దదిగా కనబడేలా రాశారంతే. మా షాపుకి వచ్చే కుర్రాళ్ళు ఈ చిన్నక్షరాలు చదవకుండానే కొనేస్తున్నారు. యూఎస్‌బీ కేబుల్‌తో ఛార్జయ్యే 1.5 వోల్టుల లిథియం సెల్స్ మీదా ఇలాగే మిల్లీవాట్ లెక్కే వేస్తారు.

మరిది: సరుకు సమానమే అనుకుందాం. వేగం మాటేమిటి?

వదిన: వేగం ఉంటుంది. దాంతోపాటు వేడీ ఉంటుంది. నికెల్ జింక్ అప్పుడే ఛార్జ్ చేసి తీస్తే ఒక్కోటి 1.8 దాకా చూపిస్తుంది, నాలుగు కలిస్తే ఏడు వోల్టులు దాటింది. నీ స్ట్రోబ్ మాన్యువల్ తీసి చూడు, ఏ సెల్స్ వాడాలో అందులో రాసుంటుంది.

మరిది: ఆల్కలైన్, నికెల్ మెటల్ హైడ్రైడ్ అని ఉంది.

వదిన: అంటే ఆరు వోల్టులు మించకుండా చేసిన వస్తువు. మీద గాలి కూడా ఆడని డబ్బా. చకచకా ఇరవై ఫొటోలు కొట్టావంటే లోపలి సర్క్యూట్ ఏమవుతుంది?

(ఈ పాయింటు ఆవిడదే. తమ్ముడు నికెల్ జింక్ ప్యాకెట్ జేబులో పెట్టేసుకున్నాడు. ఆల్కలైన్ గురించి ఇద్దరికీ తగువు లేదు. దాని లోపలి నిరోధం ఎక్కువ, ఫ్లాష్ అడిగినంత కరెంటు ఒక్కసారి ఇవ్వలేదు, సగం వాడాక మళ్ళీ ఫ్లాష్ కొట్టొచ్చని చెప్పే రెడీ లైటు వెలగడానికి చచ్చేంతసేపు పడుతుంది. సెల్ కారితే కాంటాక్టులూ తినేస్తుంది. అవసరానికి బ్యాగులో నాలుగు పడేసుకోవచ్చు, అంతే.)

మరిది: సరే, మీ దారికే వస్తా. నికెల్ మెటల్ హైడ్రైడే కొంటా, కానీ 2500 ఎమ్ఏహెచ్‌వి, ఎనెలూప్ ప్రో. నాలుగింటికి 12 వాట్ అవర్లు. మీ మామూలువి 9.6. పావు వంతు ఎక్కువ. ఇది చిన్నక్షరాల మోసం కాదు కదా?

వదిన: మోసం కాదు. కానీ అదే సైజు డబ్బాలో ఎక్కువ పదార్థం కూరితే ఆయుష్షు తగ్గుతుంది. మామూలుదాన్ని 2100 సార్లు ఛార్జ్ చేయొచ్చని ప్రకటించిన కంపెనీయే ప్రోకి 500 అంది. మా పాత నికెల్ సెల్స్ సంగతి నీకు తెలీదు. నెల రోజులు బీరువాలో ఉంటే ఇరవై ముప్ఫై శాతం వాటంతటవే దిగిపోయేవి. 2005 నవంబరులో శాన్యో ఎనెలూప్ తెచ్చాకే ఛార్జ్ చేసి పక్కన పెట్టుకోవడం కుదిరింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఊరంతా చీకటి. మా టార్చిలైట్లు వెలిగాయంటే బీరువాలో ఉన్న ఆ తెల్ల సెల్స్ వల్లే.

మరిది: తుపాను మాట తుపానుదే వదినా. 500 సార్లంటే మీకు తక్కువ, సీజన్లో రోజూ ఎక్కిస్తారు కాబట్టి. నేను ఏడాదికి రెండు ట్రిప్పులు వెళ్తే గొప్ప. ఆ లెక్కన నాకు 500 ఖర్చయ్యేది ఎప్పటికి?

వదిన: సెల్ వాడినా వాడకపోయినా ముసలిదవుతుంది.

మరిది: అయితే రెండు రకాలూ ముసలివవుతాయి, నాది పావు వంతు ఎక్కువ పనిచేసి ముసలిదవుతుంది.

(ఇక్కడ ఆవిడ నవ్వింది. నిజానికి పెళ్ళి ఫ్లాష్ లెక్క డైవింగ్‌కి అతకదు, నా మటుకు ఇది తమ్ముడి పాయింటు.)

వదిన: అసలు నీకు అంత వెలుగు ఎందుకు? రుషికొండలో తీసినవి చూపించావుగా. ఫొటో నిండా తెల్ల చుక్కలు.

మరిది: అక్కడ నీరు కలక. లెన్సు ముందున్న మట్టి రేణువులు ఫ్లాష్ వెలుగుకి మెరుస్తాయి. స్ట్రోబ్‌ల చేతులు బాగా పక్కకి చాపి పెట్టాలని తర్వాత తెలిసింది.

వదిన: చూశావా, పవర్ పెంచితే చుక్కలు కూడా పెరుగుతాయి. దగ్గరికెళ్ళి పావు పవర్‌లో కొట్టు. పావు పవర్ అంటే కెపాసిటర్ నుంచి పావు వంతు శక్తే ఖర్చు, దాదాపు నాలుగింతలు ఫొటోలు. అప్పుడు 2000 సెల్స్ ధారాళంగా చాలతాయి.

మరిది: చిన్న చిన్న సముద్రపు జీవాలకైతే చాలతాయి. అండమాన్‌లో పగడపు గోడ మొత్తం ఫ్రేములో పెడితే చాలవు. నీరు ముందు ఎరుపునే మింగేస్తుంది, పది మీటర్ల లోతుకి వెళ్తే ఎర్ర పగడం బూడిద రంగులో కనబడుతుంది. ఆ రంగు తిరిగి రావాలంటే ఫ్లాష్ పూర్తిగా కొట్టాలి, అదీ మీటరు, మీటరున్నర దూరంలోపే. ఇంకో సంగతి. మొన్న ఫోన్లో మీరే అన్నారు, డైవ్‌కీ డైవ్‌కీ మధ్య పడవ మీద స్ట్రోబ్ మూత తీయొద్దని.

వదిన: ఔను, తీయకూడదు. చేతులు తడి, జుట్టులోంచి ఉప్పునీళ్ళు కారుతుంటాయి, మూతలోంచి నీళ్ళు పోకుండా ఆపే రబ్బరు వలయం, ఆ ఓ-రింగ్ మీద ఒక్క వెంట్రుక పడ్డా దిగగానే నీళ్ళు లోపలికి పోతాయి.

మరిది: మరి మూత తీయకుండా రెండు డైవ్‌లు లాగాలంటే ఏ సెల్స్ కావాలి? 2500వే కదా!

వదిన: అబ్బో! నా మాటే నాకు అప్పజెప్పావు. కొనుక్కో. అయితే ఛార్జరు విషయంలో నా మాట వినాలి.

మరిది: గంటలో ఎక్కించేది తీసుకుంటా. రిసార్టులో కరెంటు పోతుందంటున్నారు, జనరేటరు ఉన్న కాసేపట్లోనే అయిపోవాలి.

వదిన: గంటలోనా! సెల్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. రాత్రంతా నెమ్మదిగా ఎక్కిస్తే ఏం పోయింది? రెండు వందల మిల్లీయాంపుల మీద పెట్టి నిద్రపో.

మరిది: నెమ్మదిగా అంటే మంచిదని అందరూ అంటారు, ఇక్కడ అది చెల్లదు వదినా. నికెల్ సెల్ నిండగానే వోల్టేజి పెరగడం ఆగి అయిదో పదో మిల్లీవోల్టులు కిందికి జారుతుంది. ఛార్జరు ఆ జారుడు చూసే ఆపుతుంది. మరీ తక్కువ కరెంటు పెడితే ఆ జారుడు కనిపించదు, ఛార్జరు గుడ్డిగా ఎక్కిస్తూనే ఉంటుంది. ఆ కొద్దిపాటి ఛార్జింగ్‌కి పదహారు గంటలని టైమర్ పెట్టుకుంటే వేరు. సగం నిండిన సెల్ పెడితే టైమర్‌కి ఆ సంగతేం తెలుస్తుంది?

వదిన: సరే, రెండు వందలు వద్దు. గంట కూడా వద్దు. 2000కి వెయ్యి మిల్లీయాంపులు, నీ 2500కి పన్నెండు వందలు. రెండు గంటల పైచిలుకు. జారుడు కనబడుతుంది, సెల్ గోరువెచ్చగా ఉంటుంది. తీయగానే స్ట్రోబ్‌లో కుక్కకుండా చల్లారనివ్వు. ఒప్పుకున్నట్టేనా?

మరిది: ఒప్పుకున్నా.

వదిన: ఇక అసలు సంగతి. ఛార్జరు ప్రతి సెల్‌నీ విడిగా చూసేదై ఉండాలి. నాలుగు గదులకి నాలుగు వేరు లైట్లు ఉండాలి. రెండేసి సెల్స్‌ని జంటగా ఎక్కించే చౌకరకం ఛార్జరులో ఒక సెల్ బలహీనమైతే అది ముందు నిండి ఉడుకుతూనే ఉంటుంది, పక్కది నిండేదాకా.

మరిది: దానికింత పట్టుదల ఎందుకు? ఒక సెల్ కొంచెం తక్కువుంటే ఏమవుతుంది, ఓ పది ఫొటోలు తగ్గుతాయి.

వదిన: ఫొటోలు తగ్గడంతో పోతే నాకెందుకు బాధ! ఇలా రా. నిన్న రాత్రి నీ పాత సెల్స్‌ని డిస్‌ప్లే ఉన్న ఛార్జరులో పెట్టి పూర్తిగా దింపి మళ్ళీ ఎక్కించా. ఏది ఎంతిచ్చిందో కాగితం మీద రాశా, చదువు.

మరిది: 1910, 1895, 1920, 1340.

వదిన: ఈ నాలుగూ వరసగా స్ట్రోబ్‌లో ఉన్నాయి. 1340ది ఖాళీ అయిపోయింది. మిగతా మూడింట్లో ఇంకా బలం ఉంది, ఫ్లాష్ కరెంటు అడుగుతూనే ఉంది. అప్పుడా మూడూ కలిసి ఖాళీ సెల్ గుండా కరెంటు తోస్తాయి. ప్లస్సు మైనస్సు తారుమారై ఆ సెల్ ఉల్టా ఛార్జవుతుంది. లోపల వాయువు పుట్టి, ప్రెజరు పెరిగితే సెల్ మూతి దగ్గరున్న రంధ్రంలోంచి బయటికొస్తుంది. ఆ వాయువు ఏమిటో తెలుసా?

మరిది: హైడ్రోజన్.

వదిన: గాలిలో నాలుగు శాతం కలిస్తే చాలు, అంటుకుంటుంది. నీ స్ట్రోబ్ నీళ్ళు చొరబడకుండా బిగించిన డబ్బా, గాలి బయటికి పోయే దారే లేదు. లోపలే స్విచ్చులు, కాంటాక్టులు, మూడొందల వోల్టుల సర్క్యూట్. నిప్పురవ్వకి వేరే ఏర్పాటు కావాలా?

(తమ్ముడు ఆ నాలుగో సెల్ తీసి చూశాడు. పై రేపరు ప్లస్ వైపు కాస్త ముడతపడి ఉంది, మూతి చుట్టూ తెల్లటి పొడి. ఇన్నాళ్ళూ దాన్ని మిగతావాటితో కలిపే వాడుతున్నాడు.)

మరిది: కొన్ని స్ట్రోబ్‌లకి బ్యాటరీ మూతలో ప్రెజరు వదిలే వాల్వు ఉంటుంది.

వదిన: నీదానికి ఉందా?

మరిది: చూడాలి.

వదిన: చూడు. ఉన్నా సరే, మూత తీసేటప్పుడు మొహానికి ఎదురుగా పెట్టుకోకు. నెమ్మదిగా, పక్కకి తిప్పి తియ్యి. డైవింగ్ అయిపోగానే సెల్స్ తీసేసి మూత తెరిచి ఉంచు. రెడీ లైటు ఆలస్యం కావడం మొదలైతే ఇంకో రెండు కొట్టేద్దాం అనుకోకు, ఆ డైవ్‌కి ఆపెయ్యి.

మరిది: అది కష్టం వదినా. తాబేలు ఎదురొస్తే?

వదిన: ఋషికుల్య నది దగ్గర గుడ్లు పెట్టడానికొచ్చే తాబేళ్ళని చూడ్డానికి తీసుకెళ్ళినప్పుడు ఫ్లాష్ కొట్టనివ్వలేదని అలిగావు గుర్తుందా? అప్పుడు బతికావు, ఇప్పుడూ బతుకుతావు.

మరిది: ఇదంతా నికెల్ గొడవ కదా. అసలు లిథియంకి మారిపోతే? 18650 సెల్ ఒక్కటే పట్టే స్ట్రోబ్‌లు వచ్చాయి. ఒకటే సెల్ కాబట్టి జత కుదరకపోవడమన్న మాటే లేదు.

వదిన: ఆ స్ట్రోబ్ ఉంటే అదే వెయ్యి, నాకేం అభ్యంతరం. ఏఏ సైజులోనే ఉండే 14500 లిథియం సెల్ మాత్రం తెచ్చి ఇందులో పెట్టకు. ఒక్కోటి 3.7 వోల్టులు. నాలుగు కలిస్తే 14.8. స్విచ్ వేసిన క్షణమే నీ స్ట్రోబ్ ఖతం.

మరిది: అది తెలుసు. విడి లిథియం సెల్స్ విమానంలో చేతి సంచిలోనే పెట్టాలి, చెక్-ఇన్‌లో వేయకూడదు, అదీ తెలుసు.

వదిన: ఈ నికెల్ సెల్స్‌ని మాత్రం విడిగా బ్యాగులో పడేయొచ్చనుకోకు. తాళంచెవి తగిలినా షార్టే. ప్లాస్టిక్ డబ్బాలు ఇస్తా, నాలుగేసి పట్టేవి. నాలుగు కొత్తవి ఒకేసారి కొను, ఒకేసారి వాడు, ఒకేసారి ఛార్జ్ చెయ్యి. ఒక జట్టుకి ఎర్ర గోళ్ళరంగు చుక్క, ఇంకో జట్టుకి నీలం చుక్క పెట్టు. మా స్టూడియోలో అలాగే చేస్తాం.

మరిది: కుడి స్ట్రోబ్‌లో 2500వి, ఎడమదాంట్లో మీ 2000వి వేస్తే?

వదిన: ఒక స్ట్రోబ్ లోపల కలపనంతకాలం ప్రమాదం లేదు. కానీ ఒకవైపు ముందు ఆగిపోతుంది.

మరిది: అప్పుడు ఫొటోలో ఒకవైపు నీడ. దానికీ ఓ అందం ఉంటుంది.

వదిన: రెండు స్ట్రోబ్‌లకి అంత డబ్బు పోసింది నీడ కోసమా?

(దీని మీద మాత్రం ఇద్దరూ ఒప్పుకోలేదు. సాయంత్రం వాడు 2500వి ఎనిమిది ఆర్డరు పెట్టాడు, ఛార్జరు ఆవిడ చెప్పిన రకమే. 1340 సెల్‌ని ఆవిడ స్ట్రోబ్ సంచిలోంచి తీసేసి స్టూడియో గోడ గడియారంలో వేసింది. గడియారంలో సెల్ ఒక్కటే పడుతుంది.)